ఒకటి తర్వాత పది

“ఆ రిమోట్ ఇటివ్వు,” అంది సంహిత.

తేజేశ్వర్ ఇవ్వలేదు. దాన్ని పక్కనున్న దిండు కిందికి తోసేశాడు. నలభై ఆరేళ్ళ మనిషి, మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే విభాగానికి మేనేజరు, శనివారం పొద్దున్నే తన ఇంటి బేస్‌మెంట్‌లో రిమోట్ దాచుకుని కూర్చున్నాడు.

“ముందు నాకు జవాబు చెప్పు. సోమవారం మధ్యాహ్నంలోపు వాళ్ళకి రిప్లై ఇవ్వాలన్నావు. ఏమని ఇస్తావు?”

“గురువారం నుంచి నువ్వు అదే అడుగుతున్నావు, నేనూ అదే చెప్తున్నాను. మొత్తం చూశాక చెప్తాను.”

“బాతెల్‌లో ఉద్యోగానికీ, ఎప్పటిదో టీవీ సీరియల్‌కీ సంబంధం ఏంటి సంహితా?”

“సంబంధం కలిపింది నువ్వు.”

కలిపింది అతనే మరి.

గురువారం సాయంత్రం సంహిత వంటింట్లో నిలబడి ఆఫర్ లెటర్ చదివి వినిపించింది. జీవకణాలతో మందులు తయారుచేసే కంపెనీ, సియాటిల్ పక్కన బాతెల్‌లో. ఆమె కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. నలభై మూడేళ్ళ వయసులో ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా పైకి వెళ్ళిపోయింది. తేజేశ్వర్ అప్పుడు గిన్నెలు కడుగుతున్నాడు. కోపమొస్తే గిన్నెలు కడగడం అతని అలవాటు. ఆ రోజు కడిగినవే మళ్ళీ కడిగాడు. చివరికి కుళాయి కట్టేసి ఒకే ఒక్క మాట అన్నాడు.

“ఆఖరి భాగం మర్చిపోయావా?”

ఈ ఇంట్లో ఆ మాటంటే ఒట్టు. పంతొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళయిన రెండో నెలలో, ఇదే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో వేసుకున్న ఒట్టు. అప్పుడు సంహితది హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. బయట మోకాలి లోతు మంచు. తేజేశ్వర్ స్నేహితుడు శశికాంత్ పెళ్ళి కానుకగా ఒక హార్డ్ డిస్క్ తెచ్చిచ్చాడు. అందులో ‘వింటర్ గేజ్’ అనే సీరియల్ పన్నెండు భాగాలూ ఉన్నాయి. టీవీలో వస్తున్నప్పుడు కంప్యూటర్‌లోకి అతనే రికార్డ్ చేసుకున్నాడు. గంట కాగానే రికార్డింగ్ ఆగిపోయేది కాబట్టి పెద్ద భాగాలకి చివర్లు తెగిపోయాయి. అయినా అలాంటి కథ ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు.

గడ్డకట్టిన సరస్సు ఒడ్డున మంచు కొలిచే ఒక స్టేషను. అక్కడ రోజూ మధ్యాహ్నం నాలుగూ పదికి ఒక నిమిషం మాయమైపోతుంది. గడియారాలన్నీ నాలుగూ పది నుంచి నాలుగూ పన్నెండుకి దూకుతాయి. ఆ నిమిషం ఎక్కడికి పోతోందో కనుక్కోవడానికి ఐడా అనే కుర్ర శాస్త్రవేత్త వస్తుంది. స్టేషను చూసుకునే కోల్ ఆమెకి తలుపు తీస్తాడు. చిట్టచివర్లో ఐడా ఆ మాయమైన నిమిషంలోకే నడిచి వెళ్ళిపోతుంది. తలుపు మూసుకుంటుంది. కోల్ ఒక్కడే మిగులుతాడు.

అది చూసి ఇరవై నాలుగేళ్ళ సంహిత వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమొచ్చినా సరే, మనిద్దరం మాత్రం వేరే వేరే ఊళ్ళల్లో ఉండొద్దు, అంది. తేజేశ్వర్ ఆమె చెయ్యి పట్టుకుని సరేనన్నాడు. ఆ మాట కోసం అతను కాలిఫోర్నియాలో ఉద్యోగం వదులుకున్నాడు. ఆమె విస్కాన్సిన్‌లో స్టైపెండ్‌తో సహా వచ్చిన పీహెచ్‌డీ సీటు వదులుకుంది. ఆ సంగతి ఇద్దరూ పార్టీల్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా.

గురువారం మాత్రం సంహితకి ఒళ్ళు మండింది. “అయితే సరే, దేని మీద ఒట్టు వేశామో మొదట్నుంచి మళ్ళీ చూద్దాం. చూశాక కూడా నాకు అలాగే అనిపిస్తే వాళ్ళకి నో చెప్తాను,” అంది. వింటర్ గేజ్ కొత్తగా శుభ్రం చేసిన ప్రింటుతో ఈమధ్యే స్ట్రీమింగ్‌లోకి వచ్చింది. శుక్రవారం సాయంత్రం మొదటి భాగం అయింది. ఇప్పుడు రెండోది పెట్టనివ్వడం లేదు తేజేశ్వర్.

“నాన్నా, ప్లీజ్. ఫైట్ తర్వాత చేసుకోండి,” అంది అవని. పదిహేనేళ్ళ పిల్ల, కంబళి కప్పుకుని కింద కార్పెట్ మీద కూర్చుంది. తండ్రి పక్కనున్న దిండు కింద చెయ్యి పెట్టి రిమోట్ లాగేసింది.

రెండో భాగం మొదలైంది. తెర మీద ఐడా, కోల్ ఇద్దరూ పారలతో మంచు తవ్వుతున్నారు. ఏదో అని నవ్వుకుంటున్నారు.

సంహిత ముందుకి వంగింది. “ఇదేంటి? ఇది రెండోది కాదు. పెద్దాయన రావాలి కదా?”

“ఏ పెద్దాయన?” అంది అవని.

“కోల్ వాళ్ళ నాన్న. రెండో భాగంలో కథ వెనక్కి వెళ్తుంది. ఐడా అంతకుముందే ఒకసారి ఆ స్టేషనుకి వచ్చి ఉంటుంది. అప్పుడు వాళ్ళ నాన్న ఉండేవాడు. ఆమెకి టీ ఇస్తాడు. మూడు భాగాలు ఆయనవే. ఆయన చనిపోయాక మళ్ళీ కథ ఇప్పటికి వస్తుంది.”

“వీళ్ళు ఆర్డర్ మార్చేసి ఉంటారు,” అన్నాడు తేజేశ్వర్ గబుక్కున. “ఈ స్ట్రీమింగ్ వాళ్ళకి పాతవాటి మీద గౌరవం ఉండదు. నేను కంప్లైంట్ పెడతాను.”

“నాన్నా, ట్వెల్వ్ ఎపిసోడ్స్ లిస్ట్ ఇక్కడే ఉంది. ఫస్ట్ టైమ్ టీవీలో వచ్చిన డేట్స్ కూడా ఉన్నాయి. ఇదే సెకండ్.” అవని ఫోన్ చూపించింది. తర్వాత ఆగింది. “వెయిట్. మీరు దేంట్లో చూశారు అప్పుడు?”

“చెప్పాను కదమ్మా. శశికాంత్ అంకుల్ హార్డ్ డిస్క్. ఒక బటన్ నొక్కితే అన్నీ వరసగా వచ్చేవి.”

“ఫైల్స్‌కి పేర్లేంటి? జస్ట్ నంబర్సా?”

“అయ్యుండొచ్చు.”

అవని కాసేపు పైకి చూసింది. పెదాలు కదిలాయి. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఓ మై గాడ్. అమ్మా. పాత ప్లేయర్‌కి నంబర్స్ తెలీవు. అది అక్షరాల్లాగా చూస్తుంది. వన్ తర్వాత వన్-జీరో పెడుతుంది. అంటే టెన్. తర్వాత ఎలెవన్, ట్వెల్వ్. ఆ తర్వాత టూ. మీకు లాస్ట్ వచ్చింది నైన్.”

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ టెస్టరు. సరిగ్గా ఇలాంటి పొరపాట్లు పట్టుకోవడానికే ఒక కంపెనీ అతనికి వీసా ఇప్పించి, విమానం ఎక్కించి, మిషిగన్ దాకా తెచ్చుకుంది.

ముందు నవ్వింది సంహితే. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా. నవ్వీ నవ్వీ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. “పంతొమ్మిదేళ్ళు తేజా! ఒకటి, పది, పదకొండు, పన్నెండు, రెండు! మనమేమో కథని అలా వెనక్కి తిప్పినందుకు ఆ రాసినాయన్ని ఎంత మెచ్చుకున్నాం!”

తేజేశ్వర్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

నవ్వు ఆగాక సంహిత మొహంలో ఇంకేదో వచ్చింది. తెర ఆపేసి, కదలకుండా నిలిచిపోయిన ఆ మంచు బొమ్మ వంక చూస్తూ కూర్చుంది.

“ఎంత విచిత్రం చూడు. ఆ కథ అతుక్కుంది. ఎక్కడా తేడా రాలేదు. పెద్దాయన, ఆయన చావు, కొడుకు, అన్నీ సరిపోయాయి. ఎవరూ రాయని కథ అది. ఈ ప్రపంచంలో దాన్ని చూసింది మనిద్దరమే.”

ఆ మాట అంటుంటే ఆమె గొంతు తగ్గిపోయింది, గుళ్ళో మాట్లాడుతున్నట్టు. అవనికి కూడా నవ్వు ఆగిపోయింది. ఒక కంప్యూటర్ చేసిన వరస తప్పుకి ఇద్దరు మనుషులు కూర్చుని అర్థం చెప్పుకున్నారు. ఆ అర్థం మీద ఒట్టు వేసుకున్నారు. ఆ ఒట్టు మీద ఒక ఇల్లు నడిచింది. ఇదంతా నవ్వులాట కాదని ఆ పిల్లకి అప్పుడే తట్టింది.

“మరి ఆ పెద్దాయన ఎవరు?” అంది అవని.

సంహిత కూతురి ఫోన్ బోర్లా పెట్టింది. “చెప్పకు,” అంది. “ఎవరూ ఏం చెప్పొద్దు. వరసగా చూద్దాం.”

శనివారం ఆరో భాగం దాకా చూశారు. మధ్యలో అవని పైకి వెళ్ళి పెరుగన్నం కలిపి మూడు గిన్నెల్లో తెచ్చింది. బయట మంచు కిటికీ అంచు దాకా వచ్చింది. బేస్‌మెంట్ కిటికీ నేలకి సమంగా ఉంటుంది కాబట్టి వెలుతురు తెల్లగా, మసకగా లోపలికి వస్తోంది. తెర మీదా మంచే, కిటికీలోనూ మంచే. చూస్తూ చూస్తూ సంహితకి తను ఏ ఇంట్లో ఉందో ఒక్కోసారి తెలిసేది కాదు.

చూసినవే. కాని ఏదీ చూసినట్టు లేదు. నాలుగో భాగంలో కోల్ ఒక పాత కెటిల్ బాగుచేస్తాడు. అప్పుడది వాళ్ళ నాన్న కెటిల్ అనుకున్నారు, చనిపోయిన తండ్రి వస్తువు కాబట్టి అంత జాగ్రత్త అనుకున్నారు. ఇప్పుడు తండ్రి లేడు. ఇంకా ఎవరూ చనిపోలేదు. ఒక కుర్రాడు ఒక అమ్మాయి కోసం కెటిల్ బాగుచేస్తున్నాడు, అంతే. అంత మామూలు పనిని సంహిత ఊపిరి బిగపట్టి చూసింది.

ఆ సాయంత్రం తేజేశ్వర్ బయటికి వెళ్ళి డ్రైవ్‌వేలో మంచు తీశాడు. పొరుగింటి ముందున్నది కూడా తీసేశాడు.

ఆదివారం మధ్యాహ్నానికి తొమ్మిదోది వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఆఖరి భాగం అనిపించుకున్నది అదే.

ఐడా కోటు వేసుకుంది. నాలుగూ పది. కోల్ ఆమెని ఆపలేదు. వెళ్ళొద్దనలేదు. కెటిల్ పొయ్యి మీద పెట్టి, “చల్లారేలోగా వచ్చెయ్యి,” అన్నాడు. ఆమె మంచులోకి నడిచి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

తెర నల్లబడింది. మూలన చిన్న అక్షరాల్లో, పదో భాగం పదిహేను సెకన్లలో మొదలవుతుందని వచ్చింది.

తేజేశ్వర్ రిమోట్ అందుకుని ఆపేశాడు.

“ఇక చాల్లే. మనం ఒట్టు వేసింది దీని మీదే. చూశాం కదా.”

“ఇంకా మూడున్నాయి.”

“చూసినవే కదా సంహితా. తిని పడుకుందాం కాసేపు. రేపు ఆఫీసులున్నాయి.”

“చూసినవా? నేను చూడలేదు. ఎవరో తండ్రి అనుకుని ఎవర్నో చూశాను.”

“నీకింకా ఏం కావాలి? ఉద్యోగం కావాలంటే కావాలని చెప్పు. ఈ సీరియల్‌ని అడ్డం పెట్టుకోవడం దేనికి?”

“అడ్డం పెట్టుకున్నది నేనా?” సంహిత లేచి నిలబడింది. “విస్కాన్సిన్ కారులో ఏడు గంటలు తేజా. ఏడు గంటలు! శుక్రవారం బయల్దేరితే రాత్రి భోజనానికి వచ్చేదాన్ని. దానికే ఆఖరి భాగం అనుకున్నాం. ఏదో లోకం దాటి వెళ్ళిపోతున్నట్టు సీటు వదిలేశాను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేనే వదిలేశాను. కనీసం ఆ తలుపు తర్వాత ఏమైందో నన్ను చూడనీ.”

తేజేశ్వర్ కిటికీ వైపు చూశాడు. రిమోట్ ఇవ్వలేదు, కాని అవని తీసుకుంటుంటే పట్టుకోనూ లేదు.

పదో భాగం మొదలైంది.

చాలాసేపు గాలి శబ్దం ఒక్కటే. తర్వాత తెల్లటి మంచులో ఒక నల్లటి చుక్క. అది నడిచి నడిచి దగ్గరికొచ్చి ఐడా అయింది. అదే కోటు. భుజాల మీద మంచు ఇంకా కరగలేదు. ఆమె స్టేషను తలుపు కొట్టింది.

తెల్లజుట్టు మనిషి తలుపు తీశాడు.

అతను ఏమీ అడగలేదు. పేరు అడగలేదు. ఆమె అతని మొహం చూసింది, తర్వాత తలుపు మీదున్న అతని చేతిని చూసింది. “ఎంతసేపయింది?” అంది.

“టీ వేడిగానే ఉంది,” అన్నాడు అతను, పక్కకి జరిగి దారి ఇస్తూ.

సంహిత ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఈ మాటలు ఆమెకి కంఠతా వచ్చు. ఎవరో దయగల పెద్దాయన, దారిన వచ్చిన అమ్మాయికి టీ ఇచ్చాడని ఎన్నిసార్లు చెప్పుకుందో. మొదటి పరిచయం అనుకుంది. ఆ మొహంలో ఇప్పుడు కోల్ కనిపిస్తున్నాడు. కనుబొమ్మల దగ్గర, పెదవి చివర, అదే కుర్రాడు. ఇన్నేళ్ళూ ఆ కుర్రాడు ఆమె కళ్ళ ముందే ఉన్నాడు, ఆమె చూడలేదు.

“తనే,” అంది అవని, గుసగుసగా. “అమ్మా, తనే కదా?”

సంహిత తలూపింది.

తెర మీద ఐడా కప్పు అందుకుంది, కిటికీలోంచి బయటికి చూసింది. శశికాంత్ రికార్డింగ్ ఇక్కడే తెగిపోయేది. ఈ కప్పు దగ్గర, ఈ కిటికీ దగ్గర. కాని ఇప్పుడు బొమ్మ ఆగలేదు. ఇంకా ఆరు నిమిషాలు ఉంది.

సంహిత ముందుకి జరిగి సోఫా అంచున కూర్చుంది. ఇది ఆమె నిజంగా ఎప్పుడూ చూడనిది.

ఐడా కోటు తగిలించడానికి లేచింది. తలుపు పక్కన చెక్క మీద కత్తితో గీసిన గీతలు కనిపించాయి. ఒకదాని కింద ఒకటి. ఆమె వాటి మీద వేలు పెట్టింది. పాట లేదు, మాట లేదు. వేలు ఒక్కో గీత దాటుతుంటే కెమెరా కూడా దానితో కిందికి దిగింది. పది. ఇరవై. అవని పైకి లెక్కపెడుతోంది, తనకి తెలియకుండానే. ముప్పై. ముప్పై ఒకటి. ఏడాదికొకటి.

అంత నిశ్శబ్దం సంహిత ఎప్పుడూ వినలేదు. ఒక మనిషి ఇంకొక మనిషి కోసం అంతకాలం ఉండగలడా, వెళ్ళిన మనిషి కోటు మీద మంచు కరగకముందే ఇక్కడ ఒక జీవితం గడిచిపోతుందా అని ఆమెకి భయమూ వేసింది, చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

ఐడా వెనక్కి తిరిగింది. ముసలి కోల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అతను నోరు తెరిచేలోగా సోఫాలో, సంహిత పక్కన, ఎవరో చాలా మెల్లగా ఇంగ్లీషులో అన్నారు: రోజూ నాలుగూ పదికి కెటిల్ పెట్టేవాణ్ణి. నువ్వెప్పుడొచ్చినా చల్లారిపోయి ఉండకూడదని.

తర్వాత తెర మీద కోల్ అదే అన్నాడు. మాట పొల్లుపోకుండా.

తెర నల్లబడింది. పేర్లు రావడం మొదలైంది.

సంహిత కళ్ళనిండా నీళ్ళు. ఆమె తెర వంకే చూస్తోంది. అవని మాత్రం తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, నువ్వు ముందే చెప్పావు.”

“ఏంటి?”

“ఆ డైలాగ్. తను చెప్పకముందే నువ్వు చెప్పావు. కాని ఆ పార్ట్ మీ దగ్గర లేదు కదా? కట్ అయిపోయింది అన్నారు కదా?”

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. ఏ దురుద్దేశమూ లేదు. తండ్రికి అంత బాగా గుర్తుందే అని ఆశ్చర్యపోయింది కూడా.

సంహిత నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

తేజేశ్వర్ చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకోలేదు.

“ఎప్పుడు చూశావు?” అంది సంహిత.

అతను దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“తేజా, నిన్నే. ఎప్పుడు?”

“శశికాంత్ డీవీడీలు కొన్నాడు. ఏదో షాపు మూసేస్తుంటే. ఫోన్ చేసి ఒకటే నవ్వు. అరే, ఫైళ్ళు తప్పు వరసలో ఉన్నయిరా, మనం చూసింది మొత్తం ఉల్టా అన్నాడు. ఆఫీసుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. లంచ్‌లో పార్కింగ్ లాట్‌లో, కారులో లాప్‌టాప్ పెట్టుకుని చూశాను. నాలుగు రోజుల్లో నాలుగు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు.”

“ఎప్పుడు అని అడిగాను.”

“రెండువేల తొమ్మిది. ఏప్రిల్.”

ఏప్రిల్ పదిహేనులోపు విస్కాన్సిన్ వాళ్ళకి జవాబు చెప్పాలి. ఆ తేదీని సంహిత పదహారేళ్ళుగా మర్చిపోలేదు.

“నీకు చెప్దామనే ఇంటికొచ్చాను,” అన్నాడు తేజేశ్వర్. “ఒట్టు. దారంతా నవ్వుకుంటూనే వచ్చాను, చెప్తే ఎంత నవ్వుతావో అని. వచ్చేసరికి నువ్వు బల్ల దగ్గర కూర్చుని వాళ్ళకి నో అని మెయిల్ టైప్ చేస్తున్నావు. ఆఖరి భాగం తప్పు మనం చెయ్యొద్దు తేజా అన్నావు. నువ్వే అన్నావు. నేను… నేనేం చెయ్యలేదు సంహితా. ఒక్క మాట కూడా అనలేదు.”

“అవును,” అంది సంహిత. “ఒక్క మాట కూడా అనలేదు.”

“అప్పుడు నువ్వు వెళ్ళి ఉంటే, అవని…”

“దాన్ని మధ్యలోకి తేకు!”

ఆ అరుపుకి అవని ఉలిక్కిపడింది. సంహిత కూతురి తల మీద చెయ్యి వేసింది, కాని అటు చూడలేదు.

“నేను వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. నాకు బాధ అది కాదు. ఆమె తిరిగొచ్చిందని నీకు తెలుసు. ఆయన వెళ్ళొద్దనలేదని, కెటిల్ పెట్టి ఉంచాడని తెలుసు. ఇంత గొప్ప సంగతి నీ ఒక్కడి దగ్గరే పెట్టుకుని, తలుపు మూసుకోవడం వరకే నాకు చూపించావు. మొన్న గురువారం కూడా.”

తేజేశ్వర్‌కి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ ఆ దృశ్యాన్ని ఒంటరిగా మోసి మోసి అలిసిపోయానని ఇప్పుడే తెలిసింది. ఇవాళ ఆమె పక్కన కూర్చుని చూస్తుంటే పెదాలు వాటంతటవే కదిలాయి. ఆ సంగతి చెప్పాలనుకున్నాడు, కాని ఇప్పుడది సాకులా వినిపిస్తుందని ఊరుకున్నాడు.

సంహిత మిగిలిన రెండు భాగాల కోసం ఆగకుండా బల్ల మీదున్న లాప్‌టాప్ తెరిచింది. ఆఫర్ లెటర్ కింద సంతకం గడిలో పేరు టైప్ చేసింది. పంపే బటన్ ఒత్తింది. అంతే, నిమిషం కూడా పట్టలేదు. వెంటనే ఇంకో పేజీ తెరుచుకుంది, ఊరు మారడానికి కంపెనీ చేసే ఏర్పాట్ల గురించి. మీతో కలిపి ఎంతమంది వస్తున్నారు అని అందులో ఒక గడి.

సంహిత ఒకటి అని కొట్టింది.

“అమ్మా,” అంది అవని. “నేను?”

“నిన్ను అడక్కుండా ఎలా రాస్తానమ్మా? నీ స్కూల్ ఇక్కడుంది, ఫ్రెండ్స్ ఇక్కడున్నారు. వస్తావో, ఉంటావో నువ్వే చెప్పాలి. రేపు మధ్యాహ్నం దాకా మార్చుకోవచ్చు.”

“నాకు… కొంచెం ఆలోచించుకోవాలి.”

“ఆలోచించుకో. తొందరేం లేదు.”

ఆ గడిలో ఒకటి అంకె అలాగే ఉంది. తేజేశ్వర్ దాని వంక చూశాడు. తన పేరు ఎత్తుతుందేమో అని కాసేపు ఎదురుచూశాడు. సంహిత ఎత్తలేదు. కోపంగా కూడా లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. తెర మీద చూసిన ఆ ముప్పై ఒక్క గీతల వెలుగు ఇంకా ఆమె మొహంలోంచి పోలేదు.

అతను సోఫాలోంచి లేచి, ఆమె కుర్చీ పక్కన కార్పెట్ మీద కూర్చున్నాడు.

“నేను రావచ్చా?” అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో వెళ్ళొద్దన్న మాటే వినిపించింది. రావచ్చా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. సంహిత అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

“తెలీదు తేజా,” అంది.